తోకలు ముందుకు తెద్దాం: ఇంగ్లీష్‌లో భూతకాల వాక్యం కట్టే పద్ధతి

నమస్కారం అండి. ఈ రోజు పాఠం ఒక మెయిల్‌తో మొదలుపెడతాను. నా దగ్గర ఇంగ్లీష్ నేర్చుకుంటున్న ఒకమ్మాయి, ఉద్యోగంలో చేరి నెల తిరక్కుండానే, ఆఫీసులో జరిగిన సంగతి ఒకటి ఇంగ్లీష్‌లో రాసి పంపింది. నాలుగే నాలుగు వాక్యాలు. చదువుతాను, వినండి.

"యెస్టర్డే మేనేజర్ కేమ్ టు అవర్ రూమ్. దే టోల్డ్ విత్ మి అబౌట్ న్యూ వర్క్. టు మి నాట్ అండర్‌స్టుడ్. ఎగైన్ ఐ ఆస్క్డ్ టు దెమ్."

ఆ అమ్మాయికి మాటలు రాక కాదు. కేమ్, టోల్డ్, ఆస్క్డ్ అని భూతకాల క్రియలు చక్కగా రాసింది. మి, దే, దెమ్ వచ్చు. టు, విత్, అబౌట్ వచ్చు. విడివిడిగా అన్నీ వచ్చినా, కలిపేటప్పుడు తేడా కొట్టింది. ఎందుకంటే లోపల నడుస్తున్నది ఈ తెలుగు: "నిన్న మేనేజర్ గారు మా రూముకి వచ్చారు. కొత్త పని గురించి నాతో చెప్పారు. నాకు అర్థం కాలేదు. మళ్ళీ వాళ్ళని అడిగాను." ఇందులో ఒక్క తప్పు లేదు. తెలుగులో ఆలోచించడం మానెయ్యండి అని చాలామంది సలహా ఇస్తుంటారు. నేను ఆ మాట అనను. తెలుగులోనే ఆలోచించండి. కాకపోతే ఆ తెలుగు వాక్యంలో ఏ ముక్క ఎక్కడ దాక్కుందో కనిపెట్టండి. ఈ వీడియోలో మనం చేసేది అదే.

బోర్డు చూడండి. "చూశాడు" అని రాశాను. ఎవరు చూశారు? అతను. "అతను" అని నేను రాయలేదు కదా, మీకెలా తెలిసింది? చివర "డు" ఉంది కాబట్టి. చూశాను అంటే నేను. చూశావు అంటే నువ్వు. చూశాం అంటే మేము. మన క్రియకి ఒక తోక ఉంటుంది, సర్వనామం ఆ తోకలో కూర్చుని ఉంటుంది. అందుకే "నేను" అని వేరే చెప్పక్కర్లేకుండా రోజంతా మాట్లాడేస్తాం.

ఇప్పుడు ఇంగ్లీష్ క్రియ. సా. దీనికి తోక లేదు. ఐ సా, యు సా, హి సా, షి సా, వి సా, దే సా. ఎవరు చూసినా అదే "సా". అందుకని ఆ తోకని విడదీసి, ముందుకు తెచ్చి, విడి మాటగా నిలబెట్టాలి. చూశా-డు అన్నది హి సా అవుతుంది. చూశా-ను అన్నది ఐ సా అవుతుంది. ఇంగ్లీష్‌లో కర్తని వదిలేస్తే వాక్యం నిలబడదు.

ఇక రెండో తోక. "స్టేషన్‌లో" అని రాస్తున్నాను. "లో" ఎక్కడుంది? నామవాచకం వెనక. ఇంటికి, బల్ల మీద, నాతో, వాడి కోసం, ఊరినుంచి... అన్నీ వెనకే. చిన్నప్పుడు "డు ము వు లు ప్రథమా విభక్తి" అని వల్లె వేశాం గుర్తుందా? ఆ విభక్తులన్నీ మాట చివర అతుక్కునేవే. ఇంగ్లీష్ ప్రిపొజిషన్ పేరులోనే "ముందు ఉండేది" అని ఉంది. అంటే ఈ తోక కూడా ముందుకే రావాలి. స్టేషన్-లో అన్నది ఎట్ ద స్టేషన్ అవుతుంది. నా-తో అన్నది విత్ మి అవుతుంది.

చూశారా? క్రియ తోక సర్వనామమై ముందుకొచ్చింది. నామవాచకం తోక ప్రిపొజిషనై ముందుకొచ్చింది. రెండిట్లోనూ జరిగిన పని ఒకటే. ఇది పట్టుకుంటే సగం దారి వచ్చేసినట్టే.

ఒక పూర్తి వాక్యం మీద చేసి చూద్దాం. "నిన్న స్టేషన్‌లో నన్ను చూసింది." బోర్డు మీద నాలుగు గళ్ళు గీస్తున్నాను. నిన్న, ఒకటి. స్టేషన్‌లో, రెండు. నన్ను, మూడు. చూసింది, నాలుగు. ఇప్పుడు నాలుగో గడి నుంచి వెనక్కి చదవండి. చూసింది, షి సా. నన్ను, మి. స్టేషన్‌లో, ఎట్ ద స్టేషన్. నిన్న, యెస్టర్డే. షి సా మి ఎట్ ద స్టేషన్ యెస్టర్డే. అద్దంలో చూసినట్టు తిరగబడింది! తెలుగులో క్రియ చివర, ఇంగ్లీష్‌లో క్రియ మొదట. దాని పక్కన కర్మ, ఆ తర్వాత చోటు, ఆఖర్న కాలం. కాలాన్ని నొక్కి చెప్పాలంటే "యెస్టర్డే" మొదట్లో పెట్టుకోవచ్చు, తప్పేం కాదు. కానీ "సా" కీ "మి" కీ మధ్యలో మాత్రం ఏదీ దూర్చకండి. షి సా ఎట్ ద స్టేషన్ మి అంటే వినేవాళ్ళకి కాలికి రాయి తగిలినట్టుంటుంది.

తోక ముందుకొచ్చేటప్పుడు కొంచెం జాగ్రత్తగా చూడాల్సిన చోట్లు ఉన్నాయి. "చూసింది" అంటే ఆమె కావచ్చు, అది కావచ్చు. మన తోక రెండిటికీ ఒకటే. ఇంగ్లీష్‌లో షి అంటారా, ఇట్ అంటారా అన్నది మీరే తేల్చాలి. "వచ్చారు" ఇంకా గమ్మత్తు. వాళ్ళు వచ్చారు, మీరు వచ్చారు, ఆయన వచ్చారు, ఆవిడ వచ్చారు. నాలుగూ సరే. మన గౌరవం ఆ "రు" లో ఉంది. అలవాటు కొద్దీ పెద్దవాళ్ళ గురించి ఇంగ్లీష్‌లో చెప్పేటప్పుడు కూడా దే అనేస్తాం. వినేవాళ్ళకి పదిమంది వచ్చినట్టు అర్థమవుతుంది. ఒక్కరైతే హి, లేదా షి. అందులో అమర్యాద ఏమీ లేదు, ఆ భాషలో మర్యాద వేరే చోట ఉంటుంది.

మెయిల్ రాసిన అమ్మాయి కూడా ఇక్కడే దే అంది. నేను ఫోన్ చేసి, "ఎంతమంది మేనేజర్లు వచ్చారమ్మా?" అని అడిగాను. "ఒక్కరే అండి, మేడమ్ గారు" అంది. నాలుగు వాక్యాలు చదివాక కూడా మేనేజర్ ఒక్కరో పదిమందో, ఆడో మగో నాకు తెలియలేదు. షి అన్న ఒక్క మాటతో తెలిసిపోయేది.

ఇంకో మాట. మేము, మనం రెండూ వి. నువ్వు, మీరు రెండూ యు. ఇక్కడ మన భాషే ఎక్కువ చెబుతుంది. ఇంగ్లీష్‌లో అంత వివరం లేదు కాబట్టి దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు.

క్రియ మారదు అన్నాను కదా, ఒకే ఒక్క క్రియ మారుతుంది. వాజ్, వర్. ఐ, హి, షి, ఇట్‌లకి వాజ్. వి, యు, దేలకి వర్. ఇది అందరికీ తెలిసిందే, కానీ అసలు ప్రమాదం ఇంకోటుంది. "వాడు ఇప్పుడు గదిలో ఉన్నాడు", "వాడు నిన్న గదిలో ఉన్నాడు". రెండిట్లోనూ ఉన్నాడు అనే అన్నాం! మన "ఉన్నాడు" ఇప్పటికీ పనికొస్తుంది, నిన్నటికీ పనికొస్తుంది. అందుకే యెస్టర్డే హి ఈజ్ ఇన్ ద రూమ్ అని నోటికొచ్చేస్తుంది. "తెలుసు" కూడా అంతే. "అప్పుడే నాకు తెలుసు" అంటాం, ఐ నో అనేస్తాం. ఐ న్యూ అనాలి. ఉన్నాడు, తెలుసు, కావాలి... ఇలాంటివి నోటికొచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగి, ఎప్పటి మాట ఇది అని అడగండి. తెలుగు క్రియ మీకు చెప్పదు, మీరే చూసుకోవాలి.

ఇప్పుడు సర్వనామం రూపం. క్రియ ముందు ఐ, హి, షి, వి, దే. క్రియ తర్వాత గానీ ప్రిపొజిషన్ తర్వాత గానీ వస్తే మి, హిమ్, హర్, అస్, దెమ్. యు, ఇట్ మారవు. మనకిది కొత్తేం కాదు. "నేను" కి "తో" చేరిస్తే నేనుతో అంటామా? నాతో అంటాం. నేను కాస్తా నా అయినట్టే, ఐ కాస్తా మి అవుతుంది. ఇద్దరు కలిసినప్పుడే తడబాటు. "తమ్ముడికీ నాకూ ఇచ్చింది" అన్నప్పుడు గేవ్ ఇట్ టు మై బ్రదర్ అండ్ ఐ అంటే మర్యాదగా ఉంటుందని కొందరు అనుకుంటారు. తమ్ముణ్ణి పక్కకి జరిపి చూడండి. గేవ్ ఇట్ టు ఐ అంటామా? అనం. అయితే టు మై బ్రదర్ అండ్ మి.

సరే, ఇప్పుడు మన వాళ్ళని నిజంగా కష్టపెట్టే చోటికి వద్దాం. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఉంటాను. తోకని ముందుకు తెస్తే చాలు అన్నాను కదా, కొన్ని చోట్ల తెలుగులో తోక కనిపించినా దాన్ని ముందుకు తేకూడదు, వదిలెయ్యాలి.

మొదటిది "నాకు". నాకు అర్థమైంది. నాకు నచ్చింది. నాకు గుర్తొచ్చింది. నాకు కోపం వచ్చింది. ఈ వాక్యాల్లో అనుభవం నా దగ్గరికి నడిచి వచ్చినట్టు చెబుతాం, ఎంత అందమైన పద్ధతో చూడండి. కానీ ఈ "కు" ని పట్టుకుని టు మి అంటే ఇంగ్లీష్ వాక్యం పుట్టదు. అక్కడ నాకు అన్నది నేరుగా ఐ అయిపోతుంది. నాకు అర్థమైంది, ఐ అండర్‌స్టుడ్ ఇట్. నాకు నచ్చింది, ఐ లైక్డ్ ఇట్. నాకు గుర్తొచ్చింది, ఐ రిమెంబర్డ్ ఇట్. నాకు కోపం వచ్చింది, ఐ గాట్ యాంగ్రీ. మనం "అర్థమైంది" అని ఊరుకుంటాం, ఏది అర్థమైందో ఎదుటివాళ్ళకి తెలుసు కదా అని. ఇంగ్లీష్‌లో చాలాసార్లు ఆ ఇట్ కూడా పెట్టాలి. ఐ లైక్డ్ అని ఆపేస్తే, తర్వాతి మాట కోసం వినేవాళ్ళు చూస్తూ ఉంటారు.

రెండోది, ప్రిపొజిషన్‌ని కడుపులో దాచుకున్న క్రియలు. "నాతో చెప్పింది" అన్నప్పుడు తో ఉంది కాబట్టి టోల్డ్ విత్ మి అంటాం. టోల్డ్ అన్న మాటలోనే ఆ తో ఉంది. టోల్డ్ మి, అంతే. "డాక్టర్‌కి ఫోన్ చేశాను", కాల్డ్ ద డాక్టర్. కి ఎక్కడికి పోయింది? కాల్డ్‌లో కలిసిపోయింది. అతన్ని పెళ్ళి చేసుకుంది, మ్యారీడ్ హిమ్. దాని గురించి చర్చించాం, వి డిస్కస్డ్ ఇట్. ఆ డిస్కస్డ్ పక్కన అబౌట్ పెట్టనివాళ్ళని నేను చాలా తక్కువమందిని చూశాను! చర్చించడం అంటేనే "గురించి" మాట్లాడటం, అందుకే అబౌట్ అక్కర్లేదు. అలాగే ఆన్సర్డ్ మి, రీచ్డ్ ద స్టేషన్, ఎంటర్డ్ ద రూమ్. ఇంటికి వెళ్ళాను అంటే వెంట్ హోమ్, టు ఉండదు. ఇక్కడికి వచ్చాడు అంటే కేమ్ హియర్, అక్కడా టు ఉండదు.

దీనికి ఎదురు దారిలో నడిచేవి కూడా ఉన్నాయి. "నన్ను చూశాడు." దీన్ని సా మి అనొచ్చు, లుక్డ్ ఎట్ మి అనొచ్చు. రెండూ ఒకటి కావు. సా అంటే నేను కంటబడ్డాను. లుక్డ్ ఎట్ అంటే కావాలని చూపు నా వైపు తిప్పాడు. తెలుగు "విన్నాడు" కూడా అంతే. చెవిన పడితే హర్డ్ మి, చెవి అటు పెట్టి వింటే లిజన్డ్ టు మి. హి లుక్డ్ ఎట్ మి, బట్ హి డిడ్ నాట్ సీ మి అని కూడా చెప్పొచ్చు. చూపు నా మీదే ఉంది, ధ్యాస ఎక్కడో ఉంది. ఎట్, టు అన్న చిన్న మాటలు అంత పని చేస్తాయి. వాటిని మింగేస్తే అర్థమూ పోతుంది.

కాబట్టి ప్రిపొజిషన్ల పట్టిక బట్టీ పట్టకండి. క్రియతో కలిపి నేర్చుకోండి, మధ్యలో సర్వనామం పెట్టి మరీ నేర్చుకోండి. టోల్డ్ అని కాదు, టోల్డ్ హిమ్ అని. వెయిట్ అని కాదు, వెయిటెడ్ ఫర్ హిమ్ అని. ఎక్స్‌ప్లెయిన్డ్ ఇట్ టు హిమ్ అని. మూడూ కలిసి ఒకే మాటలా నోట్లో స్థిరపడాలి.

ఇచ్చింది అన్న క్రియ దగ్గర రెండు దారులున్నాయి. షి గేవ్ ద కీ టు మి. షి గేవ్ మి ద కీ. మి వెనక ఉంటే టు కావాలి, వస్తువు కన్నా ముందుకొస్తే టు పోతుంది. తాళంచెవి బదులు కూడా సర్వనామమే వాడితే మొదటి దారే మేలు, గేవ్ ఇట్ టు మి. సెంట్, షోడ్ కూడా ఇలాగే. కానీ ఎక్స్‌ప్లెయిన్డ్, సెడ్, డిస్క్రైబ్డ్, సజెస్టెడ్... వీటికి రెండో దారి మూసేశారు. ఎక్స్‌ప్లెయిన్డ్ మి ద రూల్ అనకూడదు, ఎక్స్‌ప్లెయిన్డ్ ద రూల్ టు మి.

ఇంకో చిక్కు చూపిస్తాను. "దాన్ని పైకి తీశాను", పిక్డ్ ఇట్ అప్. "దాన్ని చూశాను", లుక్డ్ ఎట్ ఇట్. ఒకచోట ఇట్ మధ్యలోకి వచ్చింది, ఇంకోచోట చివరికి పోయింది. ఎందుకు? అప్ ఇక్కడ క్రియలో ముక్క. ఎట్ మాత్రం ఇట్‌ని పట్టుకుని ఉన్న ప్రిపొజిషన్. తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. సర్వనామం బదులు నామవాచకం పెట్టండి. పిక్డ్ అప్ ద బ్యాగ్, పిక్డ్ ద బ్యాగ్ అప్. రెండూ కుదిరాయి. అంటే విడదీయొచ్చు. విడదీయగలిగినప్పుడు ఇట్, హిమ్ లాంటి సర్వనామాలు మధ్యలోనే ఉండాలి, పిక్డ్ అప్ ఇట్ అనకూడదు. లుక్డ్ ద బ్యాగ్ ఎట్ కుదురుతుందా? కుదరదు. అయితే ఇట్ చివరే. టర్న్డ్ ఇట్ ఆఫ్, పుట్ ఇట్ ఆన్, త్రూ ఇట్ అవే మొదటి రకం. వెయిటెడ్ ఫర్ ఇట్, ఆస్క్డ్ ఫర్ ఇట్, లుక్డ్ ఫర్ ఇట్ రెండో రకం.

భూతకాల రూపాల గురించి పెద్దగా చెప్పను, వాటి మీద బోలెడు పాఠాలున్నాయి. ఒక్క సంగతి మాత్రం. ఎక్కువగా వాడే క్రియలే ఎక్కువ మొండివి. గో, కమ్, సీ, టేక్, గివ్, సే, మేక్, గెట్... వీటిలో ఒక్కటీ చివర ఈడీ పెట్టించుకోదు. వెంట్ అయితే అసలు గోకి పుట్టింది కాదు, వెండ్ అనే పాత క్రియది. ఆ క్రియ వాడుకలోంచి దాదాపు జారిపోయింది, దాని భూతకాలం మాత్రం వచ్చి గో పక్కన స్థిరపడింది. డిడ్ వస్తే మాత్రం క్రియ అసలు రూపానికి వెళ్ళిపోవాలి. డిడ్ నాట్ వెంట్ కాదు, డిడ్ నాట్ గో. భూతకాలం బరువంతా డిడ్ మోసేసింది కాబట్టి రెండోసారి మొయ్యక్కర్లేదు.

చివరిగా చెవికి సంబంధించిన పాఠం. నన్నడిగితే, ఇంగ్లీష్ మాటలు వినేటప్పుడు మనకి అర్థం కాకపోవడానికి పెద్ద కారణం ఇదే. లుక్డ్ ఎట్ ఇట్ అని రాస్తాం. లుక్డ్‌లో డ్ అని రాసినా పలికేది లుక్ట్. క, ప, స, ష, చ లాంటి గట్టి శబ్దాల తర్వాత ఈడీ ట్ అవుతుంది. కాల్డ్‌లో డ్. వాంటెడ్, నీడెడ్‌లో, అంటే ముందే ట, డ ఉంటే, ఎడ్. ఇక లుక్ట్, అట్, ఇట్ మూడూ కలిపి పలికితే... లుక్టటిట్. ఇది మనకి తెలియనిదా? వాడు, ఎక్కడ కలిస్తే వాడెక్కడ అనమా? అలాంటి సంధే. పిక్ట్, ఇట్, అప్ కలిస్తే పిక్టిటప్. హిమ్, హర్‌లు క్రియ వెనక పడితే చాలాసార్లు హ కూడా జారిపోతుంది. టోల్డ్ హిమ్ అన్నది టోల్డిమ్ అవుతుంది. గేవ్ హర్ అన్నది గేవర్ అవుతుంది. నాతో పాటు గట్టిగా అనండి. లుక్టటిట్. పిక్టిటప్. టోల్డిమ్. ఇంకోసారి. మీ నోరు అనగలిగితే, మీ చెవి దాన్ని పట్టుకుంటుంది.

ఇప్పుడు ఆ మెయిల్ దగ్గరికి వెళ్దాం. ఒక్కో వాక్యం పక్కన దిద్దుతున్నాను. నిన్న మేనేజర్ గారు మా రూముకి వచ్చారు. అవర్ మేనేజర్ కేమ్ టు అవర్ రూమ్ యెస్టర్డే. మొదటి వాక్యం తను బాగానే రాసింది, మేనేజర్ ముందు అవర్ చేర్చాను, కాలాన్ని చివరికి జరిపాను, అంతే. కొత్త పని గురించి నాతో చెప్పారు. చెప్పా-రు లోని రు ముందుకొచ్చి షి అయింది, తో టోల్డ్‌లో కలిసిపోయింది, గురించి మాత్రం అబౌట్‌గా నిలిచింది. షి టోల్డ్ మి అబౌట్ ద న్యూ వర్క్. నాకు అర్థం కాలేదు. నాకు కాస్తా ఐ అయింది, డిడ్ వచ్చింది కాబట్టి అండర్‌స్టుడ్ మళ్ళీ అండర్‌స్టాండ్ అయింది. ఐ డిడ్ నాట్ అండర్‌స్టాండ్ ఇట్. మళ్ళీ అడిగాను. అడిగా-ను అంటే ఐ ఆస్క్డ్, టు అక్కర్లేదు, వాళ్ళని కాదు ఆవిడని. ఐ ఆస్క్డ్ హర్ ఎగైన్.

ఇది పంపాక తను ఈ నాలుగు వాక్యాలూ చదివి, రికార్డు చేసి పంపింది. ఆస్క్టర్ ఎగైన్ అని కలిపి పలికింది! విన్నప్పుడు నాకెంత సంతోషమైందో.

మీ కోసం రెండు వాక్యాలు ఉంచాను. వీడియో ఆపి, కాగితం మీద తోకలు విడదీసి, ఇంగ్లీష్‌లో రాయండి. "నిన్న సాయంత్రం తాళంచెవి నాకు ఇచ్చింది. నేను దాన్ని బ్యాగులో పెట్టాను." రెండో వాక్యంలో క్రియ దగ్గర జాగ్రత్త, అది వర్తమానంలోనూ భూతకాలంలోనూ ఒకేలా ఉంటుంది.

రాశారా? షి గేవ్ మి ద కీ యెస్టర్డే ఈవెనింగ్. ఐ పుట్ ఇట్ ఇన్ మై బ్యాగ్. గట్టిగా చదివేటప్పుడు పుట్, ఇట్, ఇన్ మూడూ కలిపెయ్యండి. పుటిటిన్.